పొగతాగేవారికి ప్లాస్టిక్ సర్జరీ: కుట్ల దగ్గర చర్మం చచ్చిపోకుండా ఏం చేయాలి? తరచుగా అడిగే ప్రశ్నలు

ఆపరేషన్ తర్వాత మొదటిసారి డ్రెస్సింగ్ విప్పుతున్నప్పుడు గదిలో ఉన్న అందరి చూపూ ఒక్కచోటే ఉంటుంది. కుట్ల అంచు మీద. అక్కడి చర్మం పక్క చర్మం రంగులోనే ఉండి, వేలికి వెచ్చగా తగిలితే హమ్మయ్య అనుకుంటాం. ఊదా రంగు మచ్చ కనబడి, తాకితే చల్లగా ఉంటే మాత్రం పేషెంటుని మొదట అడిగేది ఒకే ప్రశ్న: "సిగరెట్ మానేశారా?" ఆ ప్రశ్న అడగాల్సిన అవసరం రాకూడదనే ఈ పేజీ రాస్తున్నాను. ఇందులో ఉన్నవన్నీ పేషెంట్లు, వాళ్ళ ఇంట్లోవాళ్ళు అడిగే ప్రశ్నలే.

చర్మం చచ్చిపోవడం అంటే ఏంటి? ఇన్ఫెక్షన్ లాంటిదా?

కాదు. ఇన్ఫెక్షన్ అంటే సూక్ష్మక్రిములు చేరడం. ఇది రక్తం అందక చర్మం ఎండిపోవడం. డాక్టర్లు నెక్రోసిస్ అంటారు. నీళ్ళ పైపు చివరి కుళాయికి ధార ఎలా సన్నబడుతుందో, కోసి ఎత్తిన చర్మానికి చివరి అంచు దగ్గర రక్తం అలా సన్నబడుతుంది. ఆ కాస్త కూడా ఆగిపోతే అక్కడి కణాలు కొన్ని గంటల్లోనే చావడం మొదలవుతుంది. బయటికి కనిపించడానికి మాత్రం ఒకటి రెండు రోజులు పడుతుంది. చచ్చిన చర్మంలో క్రిములు తేలిగ్గా పెరుగుతాయి కాబట్టి ఇన్ఫెక్షన్ ఆ తర్వాత వచ్చి చేరొచ్చు. అందుకే చాలామంది రెండూ ఒకటే అనుకుంటారు.

నష్టం అందరికీ ఒకేలా ఉండదు. కొందరికి పైపొర మాత్రమే ఊడి, కింద కొత్త చర్మం వస్తుంది. కొందరికి పూర్తి మందం పోయి, నల్లటి గట్టి పెచ్చు కట్టి, అది ఊడాక లోతైన పుండు మిగులుతుంది. మొదటిది వారాల్లో మానుతుంది. రెండోదానికి నెలలు పడుతుంది, మచ్చ ఉండిపోతుంది.

సిగరెట్ దెబ్బతీసేది ఊపిరితిత్తుల్ని కదా? పొట్ట మీదో ముఖం మీదో వేసిన కుట్లకి దానితో ఏం సంబంధం?

ఎక్కువమంది అడిగేది ఇదే. దీనికి జవాబు వివరంగా చెప్పాలి, ఎందుకంటే ఇది అర్థమైనవాళ్ళే నిజంగా మానేస్తారు.

పొగలో మూడు విషాలు మూడు వైపుల నుంచి చర్మాన్ని పట్టుకుంటాయి. మొదటిది నికోటిన్. ఇది శరీరంలో అడ్రినలిన్ లాంటి హార్మోన్లను పెంచుతుంది, వాటివల్ల చర్మంలోని సన్నని రక్తనాళాలు ముడుచుకుంటాయి. చలికి వేళ్ళు పాలిపోయినట్టే, పైకి కనబడకుండా లోపల జరుగుతుంది. రక్తంలోని ప్లేట్‌లెట్లు ఒకదానికొకటి అంటుకునే గుణం కూడా పెరుగుతుంది కాబట్టి అసలే ఇరుకైన నాళంలో చిన్న గడ్డ అడ్డంపడే వీలుంటుంది.

రెండోది కార్బన్ మోనాక్సైడ్. రక్తంలో ఆక్సిజన్‌ని మోసే హిమోగ్లోబిన్‌ని ఇది ఆక్సిజన్ కంటే 200 రెట్లకు పైగా గట్టిగా పట్టుకుంటుంది. రోజుకో ప్యాకెట్ కాల్చేవారి హిమోగ్లోబిన్‌లో 5 నుంచి 10 శాతం దాకా ఇలా బందీ అయి ఉండొచ్చు. అంటే చర్మం అంచుకి చేరిన ఆ కాస్త రక్తం కూడా కొంత ఖాళీ చేతులతో వచ్చినట్టే. పైగా మిగిలిన హిమోగ్లోబిన్ కూడా తన దగ్గరున్న ఆక్సిజన్‌ని కణాలకి వదలడానికి మొరాయిస్తుంది.

మూడోది హైడ్రోజన్ సయనైడ్. చేరిన ఆక్సిజన్‌ని కణం వాడుకోకుండా అడ్డుపడేది ఇది.

మామూలు రోజుల్లో ఈ మూడింటినీ చర్మం ఎలాగో తట్టుకుంటుంది. కింద నుంచి, పక్కల నుంచి, అన్ని వైపుల నుంచీ రక్తం వస్తుంటుంది కాబట్టి ఒక దారి మూసుకుపోయినా ఇంకోటి ఉంటుంది. ప్లాస్టిక్ సర్జరీలో మేము చేసేదే ఆ దారుల్ని తెంచడం. చర్మాన్ని కింది పొరల నుంచి విడదీసి, పైకి ఎత్తి, లాగి, కొత్త చోట కుడతాం. కింద నుంచి వచ్చే నాళాలు తెగిపోతాయి. మిగిలేది చర్మం అడుగున పరుచుకున్న సన్నని నాళాల వల ఒక్కటే. కోత దగ్గరి అంచు దానికి చిట్టచివర ఉంటుంది. లాగి కుట్టిన బిగువు కూడా సరిగ్గా అక్కడే ఎక్కువ. ఆ నాలుగు వేళ్ళ వెడల్పు చర్మం కొన్నాళ్ళపాటు సన్నటి దారం లాంటి ఆధారం మీద బతకాలి. ఆ దారాన్ని నికోటిన్ నొక్కేస్తుంది.

ఒక లెక్క చెప్తాను. 1991లో అచ్చయిన ఒక పరిశోధనలో పది నిమిషాలు పొగతాగినవారి చర్మం కింద ఆక్సిజన్ ఒత్తిడి దాదాపు మూడో వంతు పడిపోయింది, మళ్ళీ కోలుకోవడానికి 30 నుంచి 50 నిమిషాలు పట్టింది. రోజుకి ఇరవై కాల్చే మనిషి సంగతి చూడండి. ఒక్కోదానికి ముప్పావు గంట చొప్పున వేసుకుంటే పదిహేను గంటలు. మెలకువగా ఉన్న సమయం దాదాపు అంతా ఆ చర్మం ఊపిరాడక ఉన్నట్టే.

ఏ ఆపరేషన్లలో ఈ ప్రమాదం ఎక్కువ?

చర్మాన్ని ఎంత విస్తారంగా విడదీస్తే, ఎంత లాగి కుడితే అంత ఎక్కువ. ముఖం చర్మం బిగించే ఫేస్‌లిఫ్ట్, పొట్ట తగ్గించే సర్జరీ అంటే టమ్మీ టక్, రొమ్ము పైకి లేపే లేదా తగ్గించే సర్జరీ, రొమ్ము క్యాన్సర్ తర్వాత రొమ్ము తిరిగి నిర్మించే సర్జరీ, బాగా బరువు తగ్గినవాళ్ళలో వేలాడే చర్మం తీసే సర్జరీ, ఇవి ముందు వరసలో ఉంటాయి.

ప్రతి ఆపరేషన్‌కీ ఒక బలహీనమైన చోటు ఉంటుంది. ఫేస్‌లిఫ్ట్‌లో చెవి వెనక. టమ్మీ టక్‌లో బొడ్డుకీ కింది కోతకీ మధ్య, సరిగ్గా నడిమి భాగం. రొమ్ము తగ్గించే సర్జరీలో రెండు కోతలు తలకిందుల టీ ఆకారంలో కలిసే మూల, ఇంకా చనుమొన. మీ ఆపరేషన్‌లో ఆ చోటు ఏదో మీ సర్జన్‌ని ముందే అడిగి తెలుసుకోండి. ఇంటికెళ్ళాక రోజూ చూసుకోవాల్సింది దాన్నే.

ఫేస్‌లిఫ్ట్ గురించి 1984లో వచ్చిన పరిశోధన ఈ రంగంలో అందరికీ తెలిసిందే. 1,186 మంది పేషెంట్లను పరిశీలిస్తే, పొగతాగేవారిలో చర్మం ఊడిపోయే అవకాశం తాగనివారి కంటే 12 రెట్లు ఎక్కువని తేలింది. అప్పటినుంచి ఆపరేషన్ పద్ధతులు చాలా మారాయి. పొగ చేసే పని మాత్రం మారలేదు.

కనురెప్పల సర్జరీ, చిన్న మచ్చ తీయడం లాంటివాటిలో ప్రమాదం బాగా తక్కువ. అలాగని లేదని కాదు.

నేను రోజుకి రెండో మూడో కాలుస్తాను. నాకూ ఇదంతా వర్తిస్తుందా?

వర్తిస్తుంది. ఎక్కువ కాల్చేవారికి ప్రమాదం ఎక్కువ, అది నిజమే. కానీ ఆ రెండు సిగరెట్లు పడేది ఏ రోజున అన్నదే ఇక్కడ ముఖ్యం. ఆపరేషన్ తర్వాత మొదటి మూడు రోజుల్లో చర్మం అంచు అటో ఇటో తేల్చుకుంటుంటుంది. అప్పుడు ఒక్కటి కాల్చినా ఆ అరగంటో ముప్పావు గంటో ఆక్సిజన్ తగ్గేది ఆ అంచుకే. తగ్గించడం మంచిదే, కానీ ఈ విషయంలో తగ్గించడం మానడానికి ప్రత్యామ్నాయం కాదు.

ఎన్నాళ్ళ ముందు మానాలి? తర్వాత ఎన్నాళ్ళు?

కనీసం నాలుగు వారాల ముందు, నాలుగు వారాల తర్వాత. చాలామంది సర్జన్లు పెట్టే నియమం ఇదే. పెద్ద ఆపరేషన్ అయితే ఆరు వారాలు అడిగేవాళ్ళూ ఉన్నారు.

నికోటిన్ శరీరంలో సగానికి తగ్గడానికి దాదాపు రెండు గంటలు, కార్బన్ మోనాక్సైడ్‌కి నాలుగు నుంచి ఆరు గంటలు పడుతుంది. "అంటే రెండు రోజులు మానితే చాలదా?" అని చాలామంది అడుగుతారు, అడగడం సబబే. రెండు రోజుల్లో రక్తం శుభ్రపడుతుంది. కానీ ఏళ్ళ తరబడి పొగతాగిన శరీరంలో దెబ్బతిన్నది రక్తం ఒక్కటే కాదు. పుండు మాన్పే కణాలు, క్రిములతో పోరాడే తెల్లకణాలు, చర్మానికి గట్టిదనం ఇచ్చే కొల్లాజెన్ తయారీ, నాళాల లోపలి పొర, ఇవన్నీ కుంటుపడి ఉంటాయి. అవి తేరుకోవడానికి వారాలు కావాలి.

2003లో వచ్చిన ఒక పరిశోధనలో వాలంటీర్లకి చిన్న చిన్న గాయాలు చేసి చూశారు. పొగతాగేవారి గాయాల్లో 12 శాతం ఇన్ఫెక్ట్ అయితే, ఎప్పుడూ తాగనివారిలో 2 శాతం. నాలుగు వారాలు మానినవారిలో ఇన్ఫెక్షన్లు గణనీయంగా తగ్గాయి. అంతకు ముందు ఏడాది, మోకాలు, తుంటి కీలు మార్పిడికి వచ్చిన 120 మంది మీద ఇంకో ట్రయల్ అచ్చయింది. ఆరు నుంచి ఎనిమిది వారాల ముందే పొగ మానడానికి సాయం అందుకున్న గుంపులో 18 శాతం మందికి కాంప్లికేషన్లు వచ్చాయి, అందుకోని గుంపులో 52 శాతం మందికి. అది ప్లాస్టిక్ సర్జరీ కాదు. అయినా ఈ అంకెలు చూసినప్పుడల్లా నాకు అనిపించేది ఒకటే. ఆపరేషన్ థియేటర్‌లో మేము ఎంత జాగ్రత్తపడినా ఇంత తేడా తేవడం కష్టం. పేషెంట్ తేగలరు.

తర్వాతి నాలుగు వారాల్ని చాలామంది తేలిగ్గా తీసుకుంటారు. ఆపరేషన్ బాగా జరిగింది, కుట్లు తీశారు, ఇక భయం లేదు అనుకుని పదో రోజున మొదలుపెడతారు. అప్పటికి కొత్త నాళాలు ఇంకా అల్లుకుంటూనే ఉంటాయి. అంచులు విచ్చుకుపోవడం, మచ్చ వెడల్పవడం ఈ దశలోనే జరుగుతాయి.

ఆపరేషన్‌కి కాస్త ముందు మానితే దగ్గు, కఫం పెరిగి ఇంకా చేటని విన్నాను. నిజమేనా?

పాతకాలపు నమ్మకం అది. తర్వాత ఎన్నో పరిశోధనల్ని కలిపి చూస్తే అలా ప్రమాదం పెరుగుతుందన్న ఆధారం దొరకలేదు. ఎంత ముందు మానితే అంత మంచిది. ఆలస్యమైందని కాలుస్తూనే ఉండటం మాత్రం పొరపాటు.

వేప్ (ఈ-సిగరెట్), హుక్కా, నమిలే పొగాకు పర్వాలేదా?

పర్వాలేదు అని చెప్పలేను. వేప్‌లో కాలిన పొగ ఉండదు, కార్బన్ మోనాక్సైడ్ పెద్దగా ఉండదు. కానీ నాళాల్ని ముడిచే నికోటిన్ ఉంటుంది. ఎలుకల మీద చర్మాన్ని ఎత్తి కుట్టి చూసిన ప్రయోగాల్లో వేప్ పీల్చిన ఎలుకలకీ, సిగరెట్ పొగ పీల్చినవాటికీ చచ్చిన చర్మం దాదాపు సమానంగా వచ్చింది. మనుషులు ఎలుకలు కాదు, ఒప్పుకుంటాను. అయినా మీ చర్మం మీద నేను ఆ పందెం కాయను.

హుక్కా పొగ నీళ్ళలోంచి వస్తుంది కాబట్టి వడపోత జరుగుతుందనుకుంటారు. బొగ్గు కాలుతుంది కాబట్టి అందులో కార్బన్ మోనాక్సైడ్ చాలా ఎక్కువ. నమిలే పొగాకులో పొగ లేదు, నికోటిన్ పుష్కలం. పైగా నోట్లో ఎంతసేపు ఉంటే అంతసేపూ ఎక్కుతూనే ఉంటుంది. సర్జన్ "సిగరెట్ తాగుతారా?" అని అడిగితే "లేదు" అనేసి, నమిలే పొగాకు సంగతి చెప్పనివాళ్ళు చాలామంది. అడగకపోయినా చెప్పండి.

నికోటిన్ ప్యాచ్ గానీ గమ్ గానీ వాడొచ్చా?

దీనిమీద సర్జన్లలోనే రెండు అభిప్రాయాలు ఉన్నాయి. ప్యాచ్‌లో కూడా ఉన్నది నికోటినే కాబట్టి అసలు వద్దనేవాళ్ళు కొందరు. ప్యాచ్ నుంచి నికోటిన్ నెమ్మదిగా, సమంగా ఎక్కుతుంది, సిగరెట్‌లా ఒక్కసారిగా ఎగబాకదు, కార్బన్ మోనాక్సైడ్, సయనైడ్ అసలే ఉండవు, కాబట్టి సిగరెట్ కంటే ఎంతో నయమనేవాళ్ళు కొందరు. ఇందాక చెప్పిన 2003 పరిశోధనలో నికోటిన్ ప్యాచ్ వాడుతూ మానినవారికీ, నికోటిన్ లేని ఉత్తుత్తి ప్యాచ్‌తో మానినవారికీ గాయాల ఇన్ఫెక్షన్లలో తేడా కనబడలేదు.

నా అభిప్రాయం అడిగితే, మానే మొదటి వారాల్లో ప్యాచ్ సాయం తీసుకుని, ఆపరేషన్ తేదీకి ముందే దాన్ని కూడా ఆపేయగలిగితే అది అన్నిటికంటే మంచి దారి. ప్యాచ్ ఆపితే మళ్ళీ సిగరెట్ పట్టుకుంటానన్న భయం ఉంటే, దాచకుండా సర్జన్‌తో చెప్పి ఇద్దరూ కలిసి నిర్ణయించుకోండి. ప్యాచ్ వేసుకుని, దాని మీద సిగరెట్ కూడా కాల్చడం మాత్రం వద్దు.

నికోటిన్ లేని మందులు కూడా ఉన్నాయి. వరెనిక్లిన్ అనే మాత్ర మానదలుచుకున్న తేదీకి వారం ముందు మొదలుపెట్టి మామూలుగా 12 వారాలు వాడతారు. కొందరికి వికారం, వింత కలలు వస్తాయి. బ్యూప్రోపియాన్ ఇంకొకటి. ఫిట్స్ ఉన్నవారికి అది పనికిరాదు. రెండూ డాక్టర్ రాసిస్తేనే వాడాలి.

మానాలనే ఉంది. మూడో రోజుకే చెయ్యి జేబులోకి పోతోంది. ఏం చేయను?

మూడో రోజు చాలామందికి అలాగే ఉంటుంది. చిరాకు, నిద్ర పట్టకపోవడం, తలనొప్పి, కారణం లేని టెన్షన్, ఇవన్నీ మొదటి వారంలోనే తీవ్రంగా ఉండి తర్వాత తగ్గుతాయి. తాగాలన్న కోరిక ఒక్కోసారి కొద్ది నిమిషాలే ఉంటుంది. లేచి నడవండి, నీళ్ళు తాగండి, ఎవరికైనా ఫోన్ చేయండి. ఆ నిమిషాలు గడిస్తే అది దానంతటదే దిగుతుంది.

ఇంట్లో ఒక్క సిగరెట్ కూడా ఉంచుకోకండి. "అవసరానికి ఒకటి" అని దాచుకున్నదే చాలామందిని మళ్ళీ మొదటికి తెస్తుంది. ఒంటరిగా మానడం కంటే కౌన్సెలింగ్, మందు రెండూ కలిపితే నెగ్గే అవకాశం బాగా పెరుగుతుంది. జారితే మర్నాడు మళ్ళీ మొదలుపెట్టండి. అవసరమైతే ఆపరేషన్ తేదీ వెనక్కి జరుపుకోండి. అందం కోసం చేసే సర్జరీ నెల ఆగితే ఏమీ పోదు.

"మానేశాను" అని చెప్తే నమ్మరా? మూత్ర పరీక్ష ఎందుకు?

మిమ్మల్ని దొంగలా చూడటానికి కాదు. శరీరంలో నికోటిన్ కాటినిన్‌గా మారుతుంది. నికోటిన్ కొన్ని గంటల్లో పోయినా కాటినిన్ సగానికి తగ్గడానికి 16 గంటలకు పైగా పడుతుంది కాబట్టి రోజుల తరబడి, బాగా కాల్చేవారిలో వారం పైనా మూత్రంలో దొరుకుతుంది. ప్యాచ్ వాడినా కాటినిన్ పాజిటివ్ వస్తుంది, కాబట్టి పరీక్షకి ముందే ఆ సంగతి చెప్పండి. అనబాసిన్ అనే ఇంకో పదార్థం పొగాకులో ఉంటుంది, ప్యాచ్‌లో ఉండదు. దాన్ని చూస్తే ఏది వాడారో తేలిపోతుంది. ఊపిరిలో కార్బన్ మోనాక్సైడ్ కొలిచే చిన్న మీటర్ కూడా ఉంది, కానీ అది నిన్న, ఇవాళ కాల్చిన సంగతి మాత్రమే చెప్పగలదు.

పాజిటివ్ వస్తే చాలామంది సర్జన్లు ఆపరేషన్ వాయిదా వేస్తారు. అప్పుడు కోపం వస్తుంది, నాకు తెలుసు. సెలవు పెట్టుకున్నారు, ఇంట్లో అందరికీ చెప్పుకున్నారు. కానీ ఆ రోజు థియేటర్‌లోకి తీసుకెళ్ళే సర్జన్ కంటే, వెనక్కి పంపే సర్జన్‌కే మీమీద ఎక్కువ శ్రద్ధ ఉన్నట్టు.

సర్జన్ వైపు నుంచి ఏం చేయొచ్చు?

చాలానే చేయొచ్చు. చర్మాన్ని తక్కువ మేర విడదీయడం, వీలైనన్ని నాళాలు తెగకుండా కాపాడటం, బిగువు లేకుండా కుట్టడం. ఫేస్‌లిఫ్ట్‌లో ఉత్త చర్మాన్ని కాకుండా కింది పొరతో కలిపి మందంగా ఎత్తితే రక్తప్రసారం బాగుంటుంది. టమ్మీ టక్‌తో పాటే ఎక్కువ లైపోసక్షన్ (గొట్టంతో కొవ్వు లాగేయడం) చేయకుండా ఆగడం కూడా ఒక జాగ్రత్తే.

ఒక ఆకుపచ్చ రంగు మందుని రక్తంలోకి ఎక్కించి, ప్రత్యేకమైన కెమెరాతో చూస్తే ఏ భాగానికి రక్తం చేరుతోందో, ఏది చీకటిగా మిగిలిందో థియేటర్‌లోనే కనిపిస్తుంది. ప్రమాదం ఎక్కువ అనిపించినచోట డిలే అనే పద్ధతి ఉంది. మొదట చర్మాన్ని కొంతే కోసి, అక్కడే ఉంచి, ఒకటి నుంచి మూడు వారాలు ఆగుతారు. తక్కువ రక్తంతో బతకడం నేర్చుకున్న ఆ చర్మంలో మిగిలిన నాళాలు వెడల్పవుతాయి. అప్పుడు అసలు ఆపరేషన్ చేస్తారు.

మీవైపు నుంచి సర్జన్‌కి తెలియాల్సినవి ఇంకొన్ని ఉన్నాయి: షుగర్, స్టెరాయిడ్ మందులు, అదే చోట గతంలో రేడియేషన్, పాత ఆపరేషన్ మచ్చలు. ముఖ్యంగా పక్కటెముకల కింద ఏటవాలుగా ఉన్న పాత పిత్తాశయం ఆపరేషన్ మచ్చ ఉంటే, టమ్మీ టక్‌లో ఆ మచ్చకీ కొత్త కోతకీ మధ్య చిక్కిన చర్మానికి రెండు వైపులా రక్తం దారి మూసుకుపోతుంది.

క్యాన్సర్‌కో, ప్రమాదంలో దెబ్బకో వెంటనే ఆపరేషన్ చేయాలి. నాలుగు వారాలు ఆగే వీల్లేదు. అప్పుడు?

ఆపరేషన్ ఆగదు. సిగరెట్ ఈ నిమిషం నుంచి ఆపండి. ఒక్కరోజు మానినా కార్బన్ మోనాక్సైడ్ చాలావరకు పోతుంది, రక్తం ఆక్సిజన్ మోయగలుగుతుంది. రొమ్ము క్యాన్సర్‌లో గడ్డని ఇప్పుడు తీసి, రొమ్ము నిర్మాణం తర్వాత పెట్టుకునే దారి కూడా ఉంది, అడగండి.

ఇంట్లో వేరేవాళ్ళు కాలుస్తారు. నాకేమైనా అవుతుందా?

ఆ గాలి పీల్చినా కొంత నికోటిన్, కార్బన్ మోనాక్సైడ్ లోపలికి వెళ్తాయి. మీరున్న గదిలో, కారులో ఎవరూ కాల్చకూడదు. మొహమాటం లేకుండా చెప్పండి, లేదంటే డాక్టర్ చెప్పారని చెప్పండి. ఆ మాట ఇంట్లో బాగా పనిచేస్తుంది.

ఇంటికెళ్ళాక ఏం చేయకూడదు?

ఐస్ ముక్కలు, వేడి కాపడం, రెండూ వద్దు. కోసి ఎత్తిన చర్మానికి కొన్ని నెలలపాటు స్పర్శ సరిగ్గా తెలియదు. ఐస్ నాళాల్ని ముడుస్తుంది, వేడి బొబ్బలెక్కిస్తుంది, రెండూ మీకు తెలియకుండానే జరిగిపోతాయి. సర్జన్ ప్రత్యేకంగా చెప్తే తప్ప వాటి జోలికి పోవద్దు.

పొట్ట బెల్టు, బ్యాండేజీ మరీ బిగించొద్దు. కింద రెండు వేళ్ళు దూరాలి. మడత పడి ఒకచోట నొక్కుకుపోతుంటే సరిచేయండి. టమ్మీ టక్ అయితే కొన్ని రోజులు నడుము కాస్త వంచే నడవాలి, మోకాళ్ళు మడిచి పడుకోవాలి. నిటారుగా నిలబడాలన్న తొందరలో బిగువంతా ఆ బలహీనమైన అంచు మీద పడుతుంది. నీళ్ళు బాగా తాగండి. ఒళ్ళు వెచ్చగా ఉంచుకోండి, చలికి నాళాలు ముడుచుకుంటాయి. దగ్గు ఎక్కువగా ఉంటే చెప్పండి. గట్టిగా దగ్గినప్పుడు బీపీ ఎగిరి చర్మం కింద రక్తం గూడుకడితే, అది లోపలి నుంచి నాళాల్ని నొక్కేస్తుంది.

చర్మం పాడవుతోందని ఎలా గుర్తుపట్టాలి?

రోజూ ఒకే వెలుతురులో చూడండి. ఫోన్‌లో ఫోటో తీసి పెట్టుకుంటే నిన్నటితో పోల్చుకోవచ్చు. పాలిపోయి చల్లగా ఉంటే రక్తం రావడం లేదని అర్థం. ఊదాగా, ఉబ్బినట్టు ఉంటే వచ్చిన రక్తం తిరిగి వెళ్ళడం లేదని అర్థం. వేలితో మెల్లగా నొక్కి వదలండి. తెల్లబడిన చోటు రెండు సెకన్లలో మామూలు రంగుకి రావాలి. చాలాసేపు తెల్లగానే ఉన్నా, నొక్కకముందే రంగు తిరిగొచ్చినట్టు మరీ చప్పున వచ్చేసినా తేడా ఉన్నట్టే.

పుస్తకాల్లో ఆరోగ్యంగా ఉన్న చర్మం గులాబీ రంగులో ఉంటుందని రాస్తారు. చామనఛాయ, నల్లటి చర్మం మీద ఆ గులాబీ రంగూ కనబడదు, మొదట్లో వచ్చే నీలి ఛాయా సరిగ్గా తెలియదు. అలాంటప్పుడు రంగు కంటే వెచ్చదనాన్ని నమ్మండి. చేతి వెనక భాగంతో ఆ చోటునీ, పక్క చర్మాన్నీ తాకి పోల్చండి. నీటి బొబ్బలు లేస్తే, ఒకవైపు హఠాత్తుగా ఉబ్బితే, నొప్పి ఉన్నట్టుండి పెరిగితే తెల్లవారేదాకా ఆగొద్దు. రాత్రి రెండు గంటలైనా ఫోన్ చేయండి. ఆ సమయంలో నాలుగు కుట్లు వదులు చేసినా, గూడుకట్టిన రక్తాన్ని తీసేసినా బతికే చర్మం, పొద్దున్నకి బతకకపోవచ్చు.

చర్మం నల్లబడిపోయింది. ఇప్పుడేంటి?

మొదట చెప్పాల్సింది, ఇది మానుతుంది. కళ్ళముందు నల్లటి పెచ్చు కనబడుతుంటే ఆ మాట నమ్మబుద్ధి కాదు, కానీ ఎక్కువమందికి మానుతుంది.

ఇంకా ఊదా రంగులోనే ఉంటే కాపాడుకునే అవకాశం ఉంది. బిగుతుగా ఉన్న కుట్లు తీస్తారు. నాళాల్ని వెడల్పు చేసే నైట్రోగ్లిసరిన్ ఆయింట్‌మెంట్ రాయొచ్చు. రొమ్ము తీసి వెంటనే నిర్మించే సర్జరీల మీద 2015లో అచ్చయిన ఒక ట్రయల్‌లో ఇది చర్మనష్టాన్ని సగానికి పైగా తగ్గించింది. బీపీ తగ్గిస్తుంది, తలనొప్పి తెస్తుంది, సిల్డెనాఫిల్ (వయాగ్రా) లాంటి మాత్రలతో కలిస్తే ప్రమాదం, అందుకే సొంతంగా కొని రాసుకోకూడదు. రక్తం తిరిగి వెళ్ళక ఉబ్బిన చర్మానికి ఆసుపత్రిలో జలగలు పట్టించడం ఇప్పటికీ ఉంది. ఎక్కువ ఒత్తిడి ఉన్న గదిలో ఆక్సిజన్ పీల్పించే హైపర్‌బారిక్ చికిత్స కూడా కొన్నిచోట్ల దొరుకుతుంది.

పూర్తిగా నల్లబడ్డాక తొందర పనికిరాదు. చచ్చినదెంత, బతికినదెంత అన్న గీత తేలడానికి రోజులు, ఒక్కోసారి రెండు మూడు వారాలు పడుతుంది. ఆరిన గట్టి పెచ్చు కింద చీము, వాసన, జ్వరం లేకపోతే అదే కట్టులా పనిచేస్తుంది. గోటితో గిల్లకండి, లాగకండి. గీత తేలాక చచ్చినది తీసేసి, డ్రెస్సింగులతో గానీ, గాలి లాగే వ్యాక్యూమ్ డ్రెస్సింగ్‌తో గానీ పుండు నింపుతారు. చిన్న పుండు దానంతటదే ముడుచుకుని మూసుకుంటుంది. పెద్దదానికి చర్మం తెచ్చి అతికించాల్సి రావొచ్చు. మచ్చ సరిచేసే ఆపరేషన్ గురించి మాత్రం ఆరు నెలలు, ఏడాది ఆగాకే మాట్లాడాలి. అప్పటికి మచ్చ మెత్తబడి, పక్క చర్మం వదులవుతుంది.

ఈ మొత్తం కాలంలో సిగరెట్ దగ్గరికి రానివ్వొద్దు. మానుతున్న పుండుకి ఆక్సిజన్ కావాల్సింది ఇప్పుడే.

విటమిన్ మాత్రలు, పూతలు వాడితే పొగతాగినా ఫర్వాలేదా?

లేదు. ముడుచుకున్న నాళాన్ని ఏ విటమినూ తెరవలేదు.

నిన్న ఆపరేషన్ అయింది. ఆపుకోలేక బాత్రూమ్‌లో ఒకటి కాల్చాను. డాక్టర్‌కి చెప్పాలా?

చెప్పండి, ఇప్పుడే. తిట్లు పడతాయేమో అన్న భయంతో పేషెంట్లు దాచిపెడతారు. మేము కారణం తెలియక డ్రెస్సింగ్ బిగుతు అయిందేమో, లోపల రక్తం చేరిందేమో అని వెతుకుతూ విలువైన గంటలు పోగొట్టుకుంటాం. తెలిస్తే ఆ అంచుని గంటగంటకీ చూస్తాం, అవసరమైతే కుట్టు వదులు చేస్తాం, రెండోది కాల్చకుండా ఉండటానికి ఏ సాయం కావాలో కూడా అప్పుడే మాట్లాడుకోవచ్చు. రౌండ్స్ దాకా ఆగక్కర్లేదు. వార్డులో ఉన్న నర్సుని పిలిచి, "సిస్టర్, ఒకటి కాల్చాను" అనండి. అంతే. ఆమె ముందు డ్రెస్సింగ్ పక్కకి తీసి, చేతి వెనక భాగంతో ఆ అంచుని తాకి చూస్తుంది.